ముప్పావు గింజ

ఒక రాజ్యంలో ఒక లోయ ఉండేది. ఆ లోయలో ఐదు ఊళ్ళు ఉండేవి. రాజధానిలో తాగడానికి నీళ్ళు చాలడం లేదు కాబట్టి లోయలో ఆనకట్ట కట్టాలని రాజు అనుకున్నాడు. ఆనకట్ట కట్టడానికి ఐదు చోట్లు అనువుగా ఉన్నాయి. ఎక్కడ కట్టినా ఒక ఊరు మునుగుతుంది.

మగ్గాల ఊరు, కుండల ఊరు, గొర్రెల ఊరు, తమలపాకు ఊరు, చెరకు ఊరు. వాటికి వేరే పేర్లు ఉండే ఉంటాయి. రాజధానిలో మాత్రం ఏ ఊరినుంచి ఏ సరుకు వస్తే ఆ ఊరికి అదే పేరు. సరుకు రావడం ఆగితే తప్ప అక్కడ మనుషులున్నారన్న సంగతి ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

ఏ ఊరిని ముంచాలో తేల్చడానికి ఆ రాజ్యంలో ఒక మనిషి ఉన్నాడు. ఆయన్ని వరసలు కట్టే పెద్దాయన అనేవాళ్ళు. నాలుగైదింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చినప్పుడల్లా ఆయనకు కబురు వెళ్ళేది. ముందు ఏ వంతెన బాగుచేయాలి, ఏ ఏనుగును యుద్ధానికి పంపాలి, ఏ ఖైదీని వదిలిపెట్టాలి, ఇలాంటివి. ఆయన అన్నీ స్వయంగా చూసివచ్చి, తాటాకు మీద పైనుంచి కిందికి వరస రాసి ఇచ్చేవాడు. నలభై ఏళ్ళలో ఒక్కరి దగ్గర కూడా తమలపాకు పుచ్చుకున్న మనిషి కాదు. అలాంటివాళ్ళంటే నాకు గౌరవమే, కాని కొంచెం భయం కూడా. వాళ్ళు రాసినదాన్ని ఎవరూ రెండోసారి చూసుకోరు.

వరస కట్టడానికి ఒక పద్ధతి ఉండేది. మూడు గిన్నెలు పెట్టేవాళ్ళు. ఊళ్ళ విషయమైతే ఒకటి నేలకు, ఒకటి జనానికి, ఒకటి చెట్లకు. నూరు చింతగింజలున్న బుట్ట రాజు ముందు పెడితే, ఆయన చేతులతో తీసి మూడు గిన్నెల్లోనూ పోసేవాడు. లెక్కపెట్టకూడదు. రాజు అరచేతికి న్యాయం తెలుసని అక్కడి నమ్మకం. ఏ గిన్నెలో ఎక్కువ గింజలు పడితే ఆ విషయానికి అంత బరువు. పోసిన తరువాత మాత్రం పెద్దాయన ఒక్కొక్క గింజా లెక్కపెట్టి, దాన్నిబట్టి వరస కట్టేవాడు. పోసేటప్పుడు అడ్డూ అదుపూ లేదు, పోశాక మాత్రం ఒక్క గింజ అటూ ఇటూ కాకూడదు. ఇందులో నవ్వవలసినది ఏదో ఉందని నలభై ఏళ్ళలో ఎవరికీ తోచలేదు.

పెద్దాయన నలభై రోజులు లోయలో తిరిగాడు. మట్టి పిడికిట్లో నలిపి చూశాడు. ఇంటింటికీ వెళ్ళి మనుషుల్ని లెక్కపెట్టాడు, చంటిబిడ్డల్ని కూడా వదల్లేదు. కాపుకొచ్చే చెట్లకు సున్నపు బొట్లు పెట్టాడు. ఆయన తిరిగి రాగానే రాజు గింజలు పంచాడు. నేలకు నలభై ఆరు, జనానికి ముప్పై మూడు, చెట్లకు ఇరవై ఒకటి. వరసలో మగ్గాల ఊరు అట్టడుగున వచ్చింది. మర్నాడే లోయలో చాటింపు వేశారు. వచ్చే వానలకు మగ్గాల ఊరు మునుగుతుంది, మనుషులు ఎక్కడికైనా వెళ్ళవచ్చు.

చాటింపు విన్న మూడో రోజున మగ్గాల ఊరినుంచి ఒక నేతగత్తె నడిచి పెద్దాయన ఇంటికి వచ్చింది. ఏభై దాటిన మనిషి. ఊరంతా ఏడుస్తూ కూర్చుంటే ఆమె మాత్రం చద్ది మూట కట్టుకుని బయలుదేరింది. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, తన సంగతి చెప్పింది. వాళ్ళవి గుంట మగ్గాలు, నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకుని నేస్తారు. మగ్గాన్ని విప్పి బండెక్కించుకోవచ్చు, గుంటను ఎక్కించుకోలేరు. ఆ ఊరి నేలలో ఏడాది పొడుగునా చెమ్మ ఉంటుంది, ఆ చెమ్మకే సన్నదారం తెగకుండా నిలుస్తుంది. ఎండునేల మీద అదే దారం చేతిలోకి తీసుకుంటేనే పుటుక్కుమంటుంది. ఊరు పోతే వాళ్ళకు పోయేది ఇల్లు కాదు, చేతిలో పని. నూట ఇరవై గడపలు కూలికి పోవలసిందే.

పెద్దాయన అంతా విన్నాడు. ఇలాంటివి ఆయన చాలా విన్నాడు, వరస వరసే అని నెమ్మదిగా చెప్పి పంపడం ఆయనకు అలవాటు. కాని ఆమె దయ చూపించమని అడగలేదు.

"మా ఊరు ఎంతలో పోయింది పెద్దయ్యా?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎవరు పైన, ఎవరు కింద అనే అడిగేవాళ్ళు. ఎంతలో అని రాజు కూడా అడగలేదు. ఆయన తాటాకులు తెచ్చి, చాలాసేపు వేళ్ళు మడుస్తూ కూర్చున్నాడు. చివరికి నోరు విప్పాడు.

"నేల గిన్నెలోంచి ముప్పావు గింజ తీసి జనం గిన్నెలో వేస్తే మీ ఊరు బయటపడేదమ్మా. మీకు బదులు కుండల ఊరు పోయేది."

"గింజ కూడా కాదా?"

"ముప్పావు."

 రాజు గింజలు ఎలా పోస్తాడో చెప్పమంది ఆమె. అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ రోజు రాజు పనసతొనలు తింటూ ఉండగా బుట్ట తెచ్చారు. చేతికి పనసజిగురు అంటుకుని ఉంది. నేలకు పోసి, జనానికి పోసి, చేయి దులుపుకుంటే అరచేతికి అతుక్కున్న మూడు నాలుగు గింజలు చెట్ల గిన్నెలో రాలాయి. పెద్దాయన చూశాడు. పంపకం పంపకమే కదా అని ఊరుకున్నాడు.  ఆమె తనను తిట్టిపోస్తుందనుకున్నాడు. తిట్టలేదు.

అంకెలు తనకు అర్థం కావని, దారంతో చూపిస్తే తెలుస్తుందని ఆమె అంది. పెరట్లో నాలుగు వెదురుబద్దలు తీసుకుని తలుపంత చట్రం కట్టింది. చెట్ల గిన్నెను అలాగే ఉంచి, మిగిలిన గింజలన్నీ నేలకే వేస్తే ఏ ఊరు ఎంత ఎత్తున నిలబడుతుందో ఎడమ బద్ద మీద గుర్తు పెట్టమంది. అన్నీ జనానికే వేస్తే ఎంత ఎత్తో కుడి బద్ద మీద పెట్టమంది. పెద్దాయన పెట్టాడు. ఆమె ఒడిలోంచి దారపు కండెలు తీసి ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క రంగు చొప్పున, ఈ బద్దకూ ఆ బద్దకూ పడుగులాగా లాగి కట్టింది. తమ ఊరికి ఎరుపు కట్టుకుంది. కుండల ఊరికి నలుపు.

రాజు పోసిన గింజలు ఈ చట్రంలో ఎక్కడికి వస్తాయని అడిగింది. ఆయన చూపించిన చోట ఒక చీపురుపుల్ల నిలువునా నిలబెట్టింది. పుల్ల మీద ఏ దారం అన్నిటికంటే కింద ఉంటే ఆ ఊరు మునుగుతుంది. పుల్ల దగ్గర ఎర్రదారం అట్టడుగున ఉంది. దానికి వేలెడు దూరంలోనే అది నల్లదారాన్ని దాటి పైకి లేస్తోంది. మిగిలిన దారాలు కూడా తిన్నగా లేవు. ఒకదానిమీదుగా ఒకటి, ఎక్కినవి దిగుతూ, దిగినవి ఎక్కుతూ పోతున్నాయి.

పెద్దాయన ఆ చట్రం ముందు కూలబడ్డాడు. నలభై ఏళ్ళు ఆయన రాసినవన్నీ పుల్ల ఉన్న ఒక్కచోట కనిపించిన వరసలే. పక్కన ఏముందో ఆయన ఎన్నడూ చూడలేదు. వదిలిపెట్టని ఖైదీలు గుర్తొచ్చారు. కూలిపోయిన వంతెన మీద ఆ రోజు నడుస్తున్నవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళలో ఎందరు ముప్పావు గింజలో పోయారో ఆయనకు ఇక తెలియదు. ఆయన ఏడుస్తుంటే ఆమె లోపలికి వెళ్ళి కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చింది. ఆ ఇంట్లో మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

తరువాత ఇద్దరూ కూర్చుని ఇంకో రెండు చట్రాలు కట్టారు, ఒకటి నేలకూ చెట్లకూ, ఒకటి జనానికీ చెట్లకూ. మూడూ చూస్తే సంగతి తేటతెల్లమైంది. ఐదు ఊళ్ళలో ఏ ఊరైనా సరే, నాలుగైదు గింజలు అటూ ఇటూ జరిపితే అట్టడుగుకు వస్తుంది. రాజుగారు ఇది కళ్ళతో చూస్తే ఏ ఊరినీ ముంచడానికి చేతులు రావని పెద్దాయన అనుకున్నాడు. ఆ వయసులో కూడా అలా అనుకున్నాడంటే ఏమనాలి.

మూడు చట్రాలనూ బండి మీద వేసుకుని సభకు తీసుకుపోయారు. రాజు చెడ్డవాడు కాదు. శ్రద్ధగా చూశాడు, అర్థం కానిచోట మళ్ళీ చెప్పించుకున్నాడు. పనసజిగురు సంగతి చెబితే నొచ్చుకోలేదు, తన అరచేయి తిప్పి చూసుకున్నాడు. ఇది నిలకడ లేని వరస అనీ, దీన్ని నమ్మి ఊరిని ముంచితే ఊరిని ముంచింది గాలివాటమే అవుతుందనీ పెద్దాయన చెప్పాడు.

రాజు సింహాసనం దిగివచ్చి పుల్లను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. వేలెడు కుడికి జరిపాడు. ఎర్రదారం పైకి వచ్చింది, నల్లదారం అడుగుకు వెళ్ళింది. వెనక్కి జరిపాడు. మళ్ళీ ముందుకు జరిపాడు. ఆయన ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది, పెద్దాయన దాన్ని జాలి అనుకున్నాడు.

"అయితే మీ ఊరు బతికిందమ్మా," అన్నాడు రాజు. "నీకు సంతోషమేనా?"

ఆ క్షణంలో ఆమె ఒక మాట అనవలసింది. మహారాజా, ఇప్పుడు కుండల ఊరు పోతుంది, వాళ్ళూ మావంటివాళ్ళే, మీరు పుల్ల జరపడానికి కాదు మేమిది తెచ్చింది, అని. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. నూట ఇరవై గడపలు కళ్ళముందు ఆడాయి. ఆమె తల వంచి దణ్ణం పెట్టింది. పెద్దాయన ఆమెవైపు చూసి తనూ తల వంచుకున్నాడు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. నేనున్నా ఊరుకునేవాణ్ణే.

వారం తిరక్కుండానే కుండల ఊరివాళ్ళు వచ్చారు. వాళ్ళు ఏడవలేదు, గొడవ చేయలేదు. తమ ఊరి చింతతోపుకు ఒక్క గింజ ఎక్కువ వేస్తే చాలన్నారు. చెట్లకు ఒక్క గింజ ఎక్కువ వేయడంలో అన్యాయం ఏముంది? రాజుకూ కనిపించలేదు. పుల్ల జరిగింది. గొర్రెల ఊరు అడుగుకు వచ్చింది. గొర్రెల ఊరివాళ్ళు వచ్చి నేలంటే దున్నే నేలేనా, మేసే నేల కాదా అన్నారు. అదీ నిజమే. పుల్ల జరిగింది. తమలపాకు ఊరివాళ్ళు, చెరకు ఊరివాళ్ళు, మంత్రి మేనమామ, అందరూ వచ్చారు. ఒక్కరు కూడా ఒక్క గింజకు మించి అడగలేదు. ఒక్కరి మాటలో కూడా తప్పు లేదు.

మూడు చట్రాలూ సభామంటపంలోనే ఉండిపోయాయి. వచ్చినవాళ్ళు ముందు వాటి దగ్గరికి వెళ్ళి, పుల్లను ఎక్కడ నిలబెడితే తమకు మేలో చూసుకుని, ఆ తరువాత అందుకు తగ్గ న్యాయం వెతుక్కునేవాళ్ళు. వరస ఎంత అస్థిరమో చూపించడానికి కట్టిన చట్రం, కావలసిన వరసను చిటికెలో చూపించే చట్రం అయింది. దాన్ని కట్టిన చేతులు ఇవేనా అని పెద్దాయన తన చేతుల్ని చూసుకునేవాడు.

లోయలో పదిరోజులకొక చాటింపు. ఈసారి ఈ ఊరు, ఇంకోసారి ఆ ఊరు. తమ పేరు వచ్చినప్పుడు జనం దూలాలు పీకి బళ్ళమీద వేసుకునేవాళ్ళు. తప్పిపోయిందంటే దించి మళ్ళీ కప్పు వేసుకునేవాళ్ళు. రెండోసారి పేరొచ్చాక ఎవరూ కప్పు వేసుకోలేదు. కుండల ఊళ్ళో పచ్చికుండలు కాల్చడానికి ఆవం పేర్చడం మానేశారు, కాలేలోపు ఏ మాట వస్తుందోనని. తమలపాకు తీగలకు నీళ్ళు పెట్టేవాళ్ళు లేరు. చెరకు నాటలేదు. మునుగుతామని తెలిస్తే మనిషి మూట కట్టుకుంటాడు, మునగమని తెలిస్తే దున్నుకుంటాడు. ఏదీ తెలియకపోతే చేతులు ముడుచుకుని గుమ్మంలో కూర్చుంటాడు. కొన్నాళ్ళు కూర్చున్నాక లేచి వెళ్ళిపోతాడు.

పెద్దాయన సభకు వెళ్ళి రాజు కాళ్ళమీద పడ్డాడు. ఏదో ఒక చోట పుల్లను పాతెయ్యమన్నాడు. ఎక్కడైనా సరే, మగ్గాల ఊరు మునిగినా సరే, ఇక కదపవద్దన్నాడు.

"ముందు ఒకచోట పాతే ఉంచాను గదా పెద్దాయనా. అది ముప్పావు గింజమీద నిలబడ్డ అబద్ధమని నువ్వే బండికట్టుకొచ్చి చెప్పావు. మళ్ళీ ఆ అబద్ధానికే పొమ్మంటావా?"

పెద్దాయన లేచి సభలోంచి బయటికి నడిచాడు. 

మనుషులు తగ్గారు కాబట్టి ఊళ్ళను మళ్ళీ కొలిచి రమ్మని రాజు పంపించాడు. వానలు రావడానికి నెల ఉంది. పెద్దాయన కుండల ఊరు వెళ్ళాడు. జనం అన్నచోట సున్న రాశాడు. గొర్రెల ఊళ్ళో దొడ్లు ఖాళీగా ఉన్నాయి, సున్న. తమలపాకు ఊళ్ళో పందిళ్ళు వంటచెరుకైపోయాయి, సున్న. చెరకు ఊళ్ళో చెరకు నాటే బోదెల్లో తుమ్మమొక్కలు లేచాయి, సున్న. ఒకప్పుడు చంటిబిడ్డల్ని కూడా లెక్కపెట్టిన ఇళ్ళలో ఆయన గుమ్మం బయటే నిలబడి ఎవరైనా ఉన్నారా అని పిలిచేవాడు. మూడుసార్లు పిలిచి రాసుకునేవాడు.

ఆఖరున మగ్గాల ఊరు వచ్చాడు. వీధి పొడుగునా ఇళ్ళకు కప్పుల్లేవు. ఒక ఇంటి గుంటమగ్గంలో మాత్రం నేతగత్తె కాళ్ళు దించుకుని కూర్చుని ఉంది. మగ్గం మీద ఏమీ లేదు.

పెద్దాయన అక్కడే తాటాకు తీసి చూసుకున్నాడు. ఎన్నాళ్ళ తరువాతో ఒక గట్టి మాట చెప్పగలిగినందుకు ఆయన గొంతు కాస్త లేచింది. జనం అన్నచోట మిగిలిన నాలుగు ఊళ్ళకూ సున్నలు. మగ్గాల ఊరికి ఒకటి. నేలలు బీళ్ళయ్యాయి, చెట్లు నరికేశారు, ఇక వాటిలో తేడాల్లేవు. ఆ ఒకటివల్ల ఎర్రదారం అన్నిటికంటే పైన ఉంటుంది.

"ఇప్పుడు పుల్ల ఎక్కడ పెట్టినా మీ ఊరు మునగదమ్మా," అన్నాడు. "రాజుగారు ఎన్ని గింజలు ఎటు జరిపినా మునగదు. ఇది నిలకడ."

ఆమె గుంటలోంచి ఆయన ముఖంకేసి చూసింది. ఆ రోజు సభలో తను నోరు విప్పి ఉంటే ఏమయ్యేదని అడిగింది. ఏమయ్యేదో తనకు తెలియదని ఆయన అన్నాడు. కుండల ఊళ్ళో తన చెల్లెలి మనవళ్ళు ఉండేవాళ్ళని, ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదని ఆమె చెప్పింది. ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కాసేపటికి ఆమె లేచి ఒక ఎర్రదారపు పడుగుచుట్ట తెచ్చింది. మగ్గానికి ఎక్కించేముందు పడుగును వీధి పొడుగునా చాచి, గంజి పెట్టి, ఆరబెట్టాలి. దానికి నలుగురు కావాలి, తక్కువలో తక్కువ ఇద్దరైనా కావాలి. నాలుగు నెలలుగా ఆ చుట్ట అలాగే ఉంది.

"ఈ కొస పట్టుకుంటావా పెద్దయ్యా? లాగి పట్టాలి. ఒదిలితే చిక్కుపడుద్ది."

ఆయన తాటాకులు కిందపెట్టి కొసను చేతికి చుట్టుకున్నాడు. ఆమె చుట్ట విప్పుకుంటూ వీధి చివరికి నడిచింది. కప్పుల్లేని ఇళ్ళమధ్య ఎర్రటి దారాలు బిగువుగా నిలిచాయి. చాలాకాలానికి ఆ వీధిలో ఒక పని జరుగుతున్నట్టు కనిపించింది. వీధి చివర మలుపు ఉంది. ఆమె మలుపు తిరిగింది. గంజికుండ తేవడానికి వెళ్ళిందని ఆయన అనుకున్నాడు.

కొంతసేపటికి దారాలు వదులయ్యాయి. మెల్లగా వంగి, నడుమ మట్టిని తాకాయి. ఆయన పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలవడానికి నోరు తెరిచి, మూసుకున్నాడు.

మూడోసారి పిలిస్తే సున్న రాయవలసివస్తుంది. రాస్తే ఐదు దారాలూ ఒకే గీతమీదికి వస్తాయి. అప్పుడు పుల్ల ఎటు జరిపినా ఏమీ మారదు, ఐదింటినీ కలిపి ముంచినా అడిగేవాళ్ళుండరు. అలా రాయడానికే ఆయన వచ్చాడు. ఆయన జీవితంలో ఒక్క అబద్ధమూ రాయలేదు.

పెద్దాయన ఎడమచేత్తో గంటం తీసుకున్నాడు. జనం అన్నచోట ఉన్న ఒకటిని కొట్టెయ్యలేదు. వీధి అటుకొసనుంచి ఇటుకొసదాకా చూసి, అక్కడ నిలబడి ఉన్నవాళ్ళను తనతో సహా లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది. కుడిచేతికి దారాన్ని ఇంకో చుట్టు చుట్టుకుని, బిగించి పట్టుకుని, ఆయన అక్కడే నిలబడ్డాడు.